అడుగున రెండు చెంచాలు

ఇందుమతి చేయి వణుకుతోందన్న సంగతి మొదట నా నుదుటికి తెలిసింది.

చైత్రమాసం, మా ఇంట్లో గౌరి పేరంటం. వచ్చిన ఆడవాళ్లకి పచ్చిమామిడి కోరి కలిపిన శనగపప్పు, గ్లాసెడు పన్హం అనే మామిడికాయ పానకం, కొంగులోకి నానబెట్టిన శనగలు. నేను బొట్టు పెడతాను, తిరిగి వాళ్లు నాకు పెడతారు. ఇందు పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇలాంటి పేరంటాలకి పిలవకూడదని మా అత్తగారు బతికున్నన్నాళ్లూ అంటూనే ఉన్నారు, నేను పిలుస్తూనే ఉన్నాను. తను వచ్చి, పుణే మొత్తంలో వయసు మళ్లిన కన్య తనొక్కతేననీ, అందుకు శనగలు రెండు దోసిళ్లు వెయ్యాలనీ అత్తగారి ఎదుటే అడిగేది. ఆవిడ నవ్వు దాచుకోవడానికి దేవుడి గదిలోకి వెళ్లిపోయేవారు.

ఆ ఏడు తను పెట్టిన బొట్టు అద్దంలో చూసుకుంటే, నుదుటి మీద ఎర్రటి వానపాము పాకుతోంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయావా అని వేళాకోళం చేశాను. తను నవ్వలేదు. కుడిచేయి చీర కుచ్చెళ్లలో దాచుకుంది.

అందరూ వెళ్లాక వంటింట్లో గ్లాసులు తుడుస్తూ, నాకు కాకుండా ఎదురుగా ఉన్న గోడకి చెప్పినట్టు చెప్పింది. మూడు నెలలుగా ఆ చేయి తన మాట వినడం లేదు. డాక్టరుకి చూపించుకుంది. ఆయన తనని అటూ ఇటూ నడిపించి చూశాడు, వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, కాగితం మీద సున్నాలు చుట్టించాడు, చివరికి ఇంగ్లీషులో ఒక పేరు చెప్పాడు. మాత్ర వేసుకుంటే రెండు గంటలు చేయి మర్యాదగా ఉంటుంది. ఏ రెండు గంటలన్నది మాత్రం దాని ఇష్టం.

"రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది కుమూ," అంది. "ఈలోగా తెలిసిందంటే నన్ను ల్యాబులో ప్రెస్సు దగ్గర్నుంచి లేపేస్తారు."

ఇందు, నేను ఒకే కాలేజీలో మైక్రోబయాలజీ చదివాం. తనకి ఫస్టు క్లాసు, నాకు సెకండు. తను పరిశోధనా సంస్థలో చేరింది, నేను ఈ ఇంట్లో చేరాను. ఆ తర్వాత ముప్పై ఆరేళ్లలో సూక్ష్మజీవులతో నాకున్న సంబంధం పాలు తోడెయ్యడం వరకే. ఇందు పని బ్యాక్టీరియాని పగలగొట్టడం. ముప్పై నాలుగేళ్లుగా అదే పని, అదే గది, అదే ప్రెస్సు.

వాళ్ల సంస్థలో, మనకి కావలసిన ప్రొటీన్ తయారుచేసే జన్యువుని తీసుకెళ్లి బ్యాక్టీరియాలో పెడతారు. అవి సుబ్బరంగా తిని, పెరిగి, ఆ ప్రొటీన్‌ని తయారుచేసి పొట్టలో దాచుకుంటాయి. బతిమాలితే ఇవ్వవు, పగలగొట్టి తీసుకోవాలి. సన్నటి గాజుపూసలు కలిపి రుబ్బొచ్చు. శబ్దంతో అదరగొట్టే కడ్డీ ఒకటుంది, అది ముంచొచ్చు. కానీ ఆ ఏడు అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న కేతకి అనే అమ్మాయి ప్రొటీన్ మరీ సుకుమారం. నాలుగు ముక్కలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డ బాపతు. కాస్త వేడి తగిలితే చేతులు వదిలేసి, విరిగిన పాలలాగా ముద్దకడుతుంది. కడ్డీతో రెండుసార్లు చేసి చూసి, ఆ పిల్ల రెండుసార్లూ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. దానికి ఇందు ప్రెస్సే గతి.

దాన్ని ఫ్రెంచ్ ప్రెస్సు అంటారు. కాఫీ వడకట్టుకునే గాజు సామాను కాదు. ఫ్రాన్సుతో కూడా సంబంధం లేదు, కనిపెట్టినాయన ఇంటిపేరట. మోచేతి లావు ఉక్కు సిలిండరు, అందులోకి దిగే పిస్టను, దాన్ని పైనుంచి అణిచే బండ యంత్రం. సిలిండరు పక్కన అడుగున చిన్న వాల్వు. లోపల పాలలా కలిపి పోసిన బ్యాక్టీరియాని యంత్రం అణిచి అణిచి పెట్టాక, వాల్వుని వెంట్రుకవాసి తెరవాలి. అంత ఒత్తిడిలోంచి ఒక్కసారిగా బయటి గాలిలోకి వచ్చిపడిన బ్యాక్టీరియా పగిలిపోతుంది. వెంట్రుకవాసి కన్నా ఎక్కువ తెరిచామా, ఒత్తిడి పడిపోయి, అవి ఏమీ కానట్టు నడుచుకుంటూ బయటికొచ్చేస్తాయి. అంటే మొత్తం విద్యంతా వాల్వు తిప్పే రెండు వేళ్లలో ఉంది. ఆ వేళ్లే ఇందుకి పోయాయి.

"ఆదివారాలు నీ చెయ్యి అరువిస్తావా?" అని అడిగింది. "నువ్వు ముగ్గు వేస్తే గీత ఎక్కడా చెదరదు. నాకు అలాంటి చెయ్యి కావాలి."

బుద్ధున్న ఆడది కుదరదని చెప్పాలి. నాకు మాత్రం ముప్పై ఆరేళ్ల తర్వాత ఒక ల్యాబులో అడుగుపెట్టబోతున్నానన్న ఆలోచనే ముందొచ్చింది. అక్కడ చలిగా ఉంటుందా, స్వెటర్ తెచ్చుకోవాలా అని అడిగాను. మా ఆయనకి ఆదివారాలు భజన మండలికి వెళుతున్నానని చెప్పాను. ఆయన సంతోషించారు. రేడియోలో క్రికెట్టు వినేటప్పుడు అడ్డం వచ్చేవాళ్లుండరు కదా.

మొదటి ఆదివారం గేటు దగ్గరే పరీక్ష ఎదురైంది. కాపలాదారు శిందేకీ ఇందుకీ దాదాపు ఒకే సర్వీసు. నా పేరు రాసుకుని, ఏం పని మీద వచ్చానని అడిగాడు. చుట్టాన్ని అని రాసుకోమన్నాను.

"అది మనిషి, వహినీ," అన్నాడు వదిన వరస కలిపి. "నేను పని అడుగుతున్నా."

"చుట్టపు పని అని రాయండి శిందే భావూ."

ఆయన రాశాడు. మరుసటి వారం రిజిస్టరు తెరవనే లేదు. తను నన్ను చూడలేదన్నాడు. పోయిన వారం కూడా చూడలేదేమో, ఆ పేజీ చినిగిపోయిందన్నాడు. ఇందు చేయి సంగతి ఆయనకి మాకన్నా ముందే తెలుసునని తర్వాత అర్థమైంది. పొద్దున్నే సంతకం పెట్టేటప్పుడు రోజూ చూసే మనిషి.

సిలిండరుని రాత్రంతా చలిగదిలో పెట్టి ఉంచుతారు. దాన్ని తువ్వాలులో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు ఎత్తుకుని పక్క గదిలో ప్రెస్సు దగ్గరికి తెచ్చేదాన్ని. ఇందు ఎడమచేత్తో యంత్రం మీట నొక్కేది, నేను వాల్వు పట్టుకునేదాన్ని. మొదటిరోజు నేర్పడానికి తన చేయి నా చేతి మీద వేసింది. వణుకు నా వేళ్లలోంచి వాల్వుకి దిగింది, చుక్క చెదిరి ధారయింది. తను చేయి తీసేసుకుంది. మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. ఆ తర్వాత అంతా మాటలతోనే నేర్పింది.

చుక్కకీ చుక్కకీ మధ్య మూడుసార్లు నిదానంగా విఠ్ఠల విఠ్ఠల విఠ్ఠల అనుకోవాలి. అదే లెక్క. ఇందుకి దేవుడి మీద నమ్మకం లేదు. కానీ గడియారం చూస్తే కళ్లు చుక్క మీద ఉండవనీ, ఆషాఢంలో వారకరీ భక్తులు పంఢరపురానికి నడిచేటప్పుడు ఆ పేరుకి ఒక తూగుంటుందనీ, దాన్ని మించిన గడియారం తనకి దొరకలేదనీ చెప్పింది. అలా నేను మా ఆయనతో ఆడింది అబద్ధం కాకుండా పోయింది. వారానికి ఏ ఐదారు వందలసార్లో విఠ్ఠలుణ్ణి పిలిచేదాన్ని.

మొదటిసారి సగం చెడగొట్టాను. బయటికొచ్చింది లోపలికి పోసినట్టే తెల్లగా, పాలలాగా ఉంది. పగలలేదన్నమాట. మళ్లీ పోసి మళ్లీ నొక్కాం. మూడో ఆదివారానికి నా వేళ్లకి దారి దొరికింది. గొట్టం చివర చుక్క ఊరుతుంది, వేలాడుతుంది, పడుతుంది. మంచులో పెట్టిన గాజు గొట్టంలో చేరేది పాలు కాదు, డికాక్షన్ రంగులో తేటగా, బెండకాయ జిగురులా సాగే ద్రవం. పగిలిన బ్యాక్టీరియా అలా ఉంటుంది. ఇందు దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, ఒక్క మాట కూడా అనకుండా నాకు భాకర్‌వడీ పొట్లం విప్పి ఇచ్చింది. తన పొగడ్త అంతే.

ఇంకో నియమం ఉంది. పిస్టను మీద ఎర్ర గీత. అది సిలిండరు అంచుని తాకగానే మీట ఆపెయ్యాలి, వాల్వు మూసెయ్యాలి. లోపల అడుగున రెండు చెంచాలు మిగిలిపోతాయి. వాటిని పారబోస్తారు. నెయ్యి కాచిన గిన్నెలో పప్పు కలుపుకుని తినే ఇంటినుంచి వచ్చినదాన్ని, నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి అడిగాను కూడా. ఆ రెండు చెంచాల కింద ఉక్కుకి ఉక్కు తగులుతుందనీ, ఈ సిలిండరు తయారుచేసేవాళ్లు ఆ పని మానేసి ఇరవై ఏళ్లయిందనీ చెప్పింది. "అది విఠోబా వాటా. నీ కక్కుర్తి ఇంట్లో పెట్టుకుని రా" అంది.

కేతకి ఆదివారాలు స్నేహితులతో కోటలెక్కే పిల్ల. ఏ రాజ్‌గడో తోర్ణాయో ఎక్కి, సోమవారం కాళ్లీడ్చుకుంటూ వస్తే, మంచులో తన గొట్టాలు సిద్ధంగా ఉండేవి. సెలవు రోజు కరెంటు హెచ్చుతగ్గులుండవనీ, పని బాగా వస్తుందనీ ఇందు చెప్పిన కారణాన్ని నమ్మింది. సంస్థలో కుర్రాళ్లందరికీ తను ఇందూతాయి, అంటే ఇందక్క, తను చెబితే ఎందుకు నమ్మదు. ఒక సోమవారం ఆ పిల్ల అందరి ముందూ తాయిని కావలించుకుని, ఆవిడ పగలగొట్టినట్టు ఇంకెవరూ పగలగొట్టలేరని అందట. ఆ సాయంత్రం ఇందు ఫోన్ చేసింది.

"నిన్ను పొగిడారే ఇవాళ," అంది. ఆ తర్వాత తను ఫోన్ పెట్టెయ్యలేదు. నేను కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.

జులైకల్లా తను టీని గొట్టంతో పీల్చుకుని తాగుతోంది. పళ్లు జివ్వుమంటున్నాయని అందరికీ చెప్పింది. ఏ పుస్తకంలోనైనా రాయాల్సి వస్తే కేతకి చేత రాయించి, తన అక్షరాలు కోడిగీతలని నవ్వేసేది. క్యాలెండరులో ఆదివారాలు లెక్కపెట్టుకునేవాళ్లం. తను కోరుకున్నది పెద్ద విషయమేమీ కాదు. డిసెంబరు ఆఖరి రోజున, ఆ గది తాళం తన చేత్తో తీసి, తన చేత్తో వేసి, ఇంటికి వెళ్లడం.

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం. అంతకు నెల ముందు బ్యాక్టీరియాని పెంచే పెద్ద పాత్ర చెడిపోయింది, బాగుచెయ్యడానికి మనిషి రాలేదు. కేతకి దగ్గర ఫ్రీజర్లో బ్యాక్టీరియా ముద్ద ఆఖరిది ఒకటి మిగిలింది. సిద్ధాంత గ్రంథానికి ఆఖరి ప్రయోగం దాంతోనే చెయ్యాలి. నేను సిలిండరు ఎత్తుకొస్తుంటే ఇందు ఇదంతా చెప్పి, "ఈసారి కొంచెమే ఉంది. ప్రతి చుక్కా కావాలి, జాగ్రత్తగా పట్టు" అంది.

ఎప్పట్లాగే మొదలుపెట్టాం. ముప్పావు వంతు అయ్యాక గోడ మీది ఫోన్ మోగింది. గేటు నుంచి శిందే. లిమయే సాహెబ్ లోపలికి వస్తున్నారు. లిమయే గారు ఆ విభాగానికి పెద్ద. ప్రతి ఆదివారం మూడింటికి వచ్చి, తన కిటికీలో పెంచుకునే ఆర్కిడ్లకి నీళ్లు పోసుకుని వెళ్లడం ఆయన అలవాటు. ఆ రోజు సాయంత్రం మనవలని తీసుకుని గణపతి విగ్రహం ఎంచడానికి వెళ్లాలట. అందుకని పొద్దున పదకొండింటికే వచ్చారు.

ఇందు కొంగు సర్దుకుని, ఆయన్ని వరండాలోనే మాటల్లో పెడతానంది. గీత రాగానే మీట ఆపమని నాకు రెండుసార్లు చెప్పి వెళ్లింది.

గీత వచ్చింది. నేను చూశాను. ఈ విషయంలో నన్ను నేను మోసం చేసుకోను, బాగా చూశాను. చుక్క ఊరుతోంది, వేలాడుతోంది. లోపల రెండు చెంచాలుంది. ఆ పిల్లకి ఇంకో ముద్ద లేదు. ప్రతి చుక్కా కావాలంది ఇందు. కొంచెం దాటితే ఏమవుతుంది, వంటింట్లో మేం ప్రతిరోజూ ఏదో ఒక గీత దాటుతూనే ఉంటాం కదా అనుకున్నాను. విఠ్ఠల విఠ్ఠల విఠ్ఠల. ఒక చుక్క. విఠ్ఠల విఠ్ఠల.

పెద్ద శబ్దమేమీ రాలేదు. అడకత్తెరలో వక్క తెగినట్టు ఒక్క టక్కు. వాల్వులోంచి మిగిలిందంతా ఒక్కసారిగా వచ్చి, గొట్టం దాటి పక్కనున్న పళ్లెంలో పడింది. సిలిండరు అడుగున సన్నటి గీత లేచి, పైకి పాకి, అందులోంచి చెమట పట్టినట్టు తడి బయటికొచ్చింది.

ఇందు తిరిగొచ్చేసరికి నేను మీట ఆపి, సిలిండరుని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాను. పట్టుకుంటే అతుక్కుంటుందన్నట్టు. తను నా మొహం చూడలేదు. ముందు మంచులో ఉన్న గొట్టం చూసింది. అందులో అప్పటిదాకా పడ్డది క్షేమంగా ఉంది. తర్వాత సిలిండరు వైపు చూసింది. దాని మీద అరచెయ్యి ఆనించి, అలా ఉంచింది. ఆ ఒక్కసారి తన చేయి వణకలేదో, నా చూపే సరిగ్గా లేదో చెప్పలేను. అటు తర్వాత నా భుజం పట్టుకుని చలిగదిలోకి నెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

నా స్వెటర్ బయట కుర్చీ మీదే ఉండిపోయింది. తలుపు సందులోంచి లిమయే గారి చెప్పుల చప్పుడు వినిపించింది. నమస్తే చెప్పిపోదామని వచ్చినట్టున్నారు. తర్వాత చప్పుడు ఆగింది. ఇదెలా జరిగిందని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఎవరో పోయారని విన్న మనిషి గొంతు.

"నా చెయ్యి వణికింది సర్," అంది ఇందు.

ఆయన ఏదో అన్నారు, ఎవరికైనా ఒకసారి వణుకుతుందనో ఏమో.

"ఒకసారి కాదు. ఈ ఏడు మొదట్నుంచీ వణుకుతోంది. రోగం సర్. నేనే దాచాను."

నేను అప్పుడు బయటికి రావాలి. తలుపు నా చేతికి జానెడు దూరంలో ఉంది. వస్తే ఏమవుతుందో ఇందు నాకు ఎప్పుడో చెప్పింది. బయటి మనిషి వాల్వు పట్టుకుందంటే కేతకి మూడేళ్లుగా చేసిన ప్రయోగాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. శిందే ఉద్యోగం పోతుంది. ఇవన్నీ నిజమే, అన్నీ ఆ క్షణాన నాకు గుర్తొచ్చాయి. వాటికన్నా ముందు భయమేసింది. అది కూడా నిజమే. చలిలో, వరసగా పేర్చిన గాజు సీసాల మధ్య నిలబడి, నేను చేసిన పనికి నా స్నేహితురాలు తన రోగాన్ని అప్పజెప్పడం విన్నాను. నాలుగు నెలలుగా ఇద్దరం కలిసి ఏది దాచామో, దాన్నే.

లిమయే గారు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, తనే నీళ్లు తెచ్చిచ్చారు. తాయీ, మీరు నాకెందుకు చెప్పలేదని మళ్లీ మళ్లీ అడిగారు. మంచి మనిషి. తిట్టి ఉంటే బాగుండేది.

రిక్షాలో వెనక్కి వచ్చేటప్పుడు నేను ఏడుస్తున్నాను. కర్వే రోడ్డు వచ్చింది. గణపతి మండపాలు కడుతున్నారు, దారంతా వెదుళ్లు. అప్పుడు ఇందు అడిగింది.

"ఆ రెండు చెంచాలూ వచ్చాయా?"

వచ్చాయన్నాను.

"పగిలాయా?"

పగల్లేదు. ఆఖర్న వచ్చిపడింది తెల్లగా, పాలలాగా ఉంది. ఒత్తిడి పోయాక పగలవు కదా. దాన్ని గొట్టంలో కలవకుండా తను విడిగా తీసేసిందని నాకు తెలుసు, చూశాను. అయినా నా నోటితో వినాలనుకుంది. చెప్పాను. తను తలూపి బయటికి చూసింది. ఆ తర్వాత ఆ రెండు చెంచాల ఊసు మా మధ్య ఎప్పుడూ రాలేదు.

సంస్థలో అందరూ ఎంతో బాగా చూసుకున్నారు. నాలుగు నెలలు మిగిలి ఉంటే, లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ ఇచ్చారు. పనేమీ లేదు, పత్రికల మీద ముద్ర వెయ్యడమే. ఆ ముద్రలు కూడా వంకరగా పడుతుంటే, పక్కనున్నామె నవ్వుతూ తనే వేసేది. కుర్రాళ్లు దారిలో ఆగి, తాయీ ఒంట్లో ఎలా ఉందని అడిగేవాళ్లు. వెనకటికి వాళ్లే, తాయీ నా ముద్ద ఎప్పుడు నొక్కుతారని వెంటపడేవాళ్లు. ప్రెస్సుని విప్పి మెట్ల కింద పెట్టారు. కొత్త యంత్రం వచ్చింది. దాంట్లో పోసి ఒక మీట నొక్కితే చాలు, చల్లబరచడం కూడా అదే చూసుకుంటుంది. దాన్ని అమర్చడానికి వచ్చినాయన, ఇది ఎవరైనా నడపొచ్చని పదిసార్లు అన్నాడట. ఎవరైనా అన్నమాటలో ఇందు లేదు. చేతులు వణికే మనిషిని యంత్రం గదిలోకి పంపకూడదని అప్పటికే కాగితం వచ్చింది.

నవంబరులో కేతకి గ్రంథం సమర్పించింది. ఆఖరి ప్రయోగం బాగా కుదిరింది. అచ్చువేసిన ప్రతి ఒకటి ఇందు ఇంటికి తెచ్చి, కాళ్లకి దండం పెట్టి ఇచ్చి వెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. కృతజ్ఞతల పేజీ నా చేత చదివించుకుంది. తల్లిదండ్రులకి ఒక వాక్యం, గైడుకి రెండు. చివర్న ఒక్క ముక్క విడిగా ఉంది, ఇందూతాయి చేతులకి, అని.

నేను పుస్తకం మూసేశాను. ఇక నా వల్ల కాదనీ, వెళ్లి ఆ పిల్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాననీ అన్నాను. పట్టా చేతికి వచ్చాకే చెబుతాను, ఎవరికీ నష్టం ఉండదు అన్నాను.

"ఏమని చెప్తావే?" అంది ఇందు. "తాయి చేతులు తాయివి కావనా?"

నేను పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఒక్క అబద్ధం మిగిలింది నాకు. దాన్నైనా ఉండనీ కుమూ."

పుస్తకం నా చేతిలోంచి తీసుకోబోయింది. రెండు చేతులూ కలిపి పట్టుకున్నా పేజీలు రెపరెపలాడాయి. అప్పటికి ఎడమచేయి కూడా మొదలుపెట్టింది.

డిసెంబరు ఆఖర్న కాగితాల మీద సంతకాలు పెట్టడానికి తోడు వెళ్లాను. ఈసారి గేటులో నా పేరు సరిగ్గానే రాసుకున్నారు. శిందే లేచి నిలబడి ఇందుకి నమస్కారం పెట్టాడు. ఆఫీసులో సప్రే అనే గుమస్తా కాగితాలు వరసగా పెట్టి, గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యమన్నాడు. తను పెట్టింది. ఆయన పాత ఫైలు తీసి, ఉద్యోగంలో చేరిన రోజు పెట్టిన సంతకం పక్కన పెట్టి చూశాడు. నిలువుగా, నిటారుగా, తోకలేని సంతకం, ఇరవై అయిదేళ్ల పిల్లది. ఇంకో కాగితం ఇచ్చి మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తాయీ, సంతకం కలవడం లేదు."

"మనిషి కలుస్తోందా సప్రే?" అంది ఇందు.

ఆయన నవ్వడానికి ప్రయత్నించి, నవ్వలేక, ఇంకోసారి ప్రయత్నించమన్నాడు. మాత్ర వేసుకుని గంటసేపు బెంచీ మీద కూర్చున్నాం. గంట తర్వాత పెట్టిన సంతకం మొదటిదానికన్నా అన్యాయంగా వచ్చింది. ఇక ఒకటే మార్గముందని సప్రే గొంతు బాగా తగ్గించి చెప్పాడు. ఇలాంటప్పుడు బొటనవేలి ముద్ర వేస్తే సరిపోతుంది. నియమం ఒప్పుకుంటుంది. చాలామంది వేస్తారు.

ఎవరు వేస్తారో మాకు తెలుసు. తోటపని వాళ్లు, గదులు తుడిచే వాళ్లు. యూనివర్సిటీలో తనది మూడో ర్యాంకు.

ఇందు బొటనవేలు చాచింది. సప్రే సిరా అద్దాడు. మొదటి ముద్ర కాగితం మీద ఈడ్చుకుపోయి మసిగీతలా పడింది. కాస్త కదలకుండా ఉంచమని ఆయన అడిగాడు. అడిగాక తన మాటకి తనే తలొంచుకున్నాడు. నేను ముందుకి జరిగి, ఇందు మణికట్టు పట్టుకున్నాను. చేతిలో పట్టిన పిట్టలాగా కొట్టుకుంటోంది. ఎంత గట్టిగా పట్టుకోవాలో నాకు తెలుసు, దాన్ని తనే నేర్పింది. వేలు కాగితం మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎత్తాను. రేఖలన్నీ స్పష్టంగా పడ్డాయి.

మొత్తం పదకొండు చోట్ల. ప్రతి ముద్ర కిందా, ఇది ఈవిడే నా ఎదుట వేసిందని ఒక సాక్షి సంతకం పెట్టాలట. సప్రే కలం నా వైపు తిప్పాడు. నేను పెట్టాను. పదకొండు సంతకాలూ ఒకే అచ్చులో, గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా వచ్చాయి. వణికినా బాగుండునని చూశాను. ఒక్కటి కూడా వణకలేదు.

ఇందు పక్కన నిలబడి, వేలికున్న సిరా కొంగుకి తుడుచుకుంటూ, ఆఖరిదాని దాకా చూసింది.